అద్దం అడిగిన మొహం

ఎంట్రీ 1. సోమవారం

గాలితలుపు, పొద్దుటి షిఫ్టు. మాట్లాడుతున్నది నూర్‌బాషా మాబున్ని. మధ్యగది ఊడ్చాను. రెండు తలుపుల అంచులూ తడిబట్టతో తుడిచాను. బయటి తలుపు రబ్బరు కింది మూలన చీలింది, మార్చాలి. సూర్యపలకలు తుడిచే నలుగురూ బయటికి వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చారు.

ఇంటికి కూడా వెంట తీసుకెళ్ళే ఈ డ్యూటీ రికార్డరులో చెప్పాల్సింది ఇంతే. కానీ ఈ రికార్డులు ఆఫీసులో ఎవరూ వినరని మా గాజుపేట అంతటికీ తెలుసు. అందుకే మిగతాది కూడా ఇక్కడే చెప్పుకుంటాను. కడుపులో పెట్టుకుంటే అరగడం లేదు.

ఊరి మీద కప్పు మూసి, లోపలి గాలి శుభ్రమయ్యాక అందరూ మాస్కులు తీసేశారు. నేనూ తీసేశాను. తీసేసి, కళ్ళు తప్ప మొహమంతా కప్పే నిఖాబు కట్టుకున్నాను. అప్పటి నుంచి మొదలైంది గోల. పుట్టినప్పటి నుంచీ ఎర్రదుమ్ములో ముక్కూ నోరూ మూసుకుని తిరిగినవాళ్ళం కదా, మొహమంటే మా ఊరికి కొత్త సరుకు. ఎదురింటాయనకు మీసాలున్నాయని మాకు, మా అమ్మకు ముక్కుపుడక ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇక పిచ్చి పట్టినట్టు ఒకరినొకరు చూసుకోవడమే పని. సెంటర్లో ఏకంగా మొహాల గోడ పెట్టారు. గాలితలుపు ఎవరు తెరిచినా వాళ్ళ మొహం ఆ గోడ మీద ఇంత పెద్దదిగా పడుతుంది. తలుపు దగ్గర ఎవరున్నారో కళ్ళారా చూస్తే జనానికి ధైర్యమట.

ఆ మొహాన్ని పట్టేది మా గదిలో బిగించిన అద్దం. అది మొహం చూసి ఒప్పుకుంటేనే తలుపు కదులుతుంది. ఇన్నాళ్ళూ నాతో డ్యూటీ చేసే ఓబుళమ్మక్క మొహం చూపేది, నేను మీటలు చూసుకునేదాన్ని. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇవాళ సూపర్‌వైజరు శేషశయనం వచ్చి, శుక్రవారం సాయంత్రంలోగా ప్రతి ఆపరేటరూ అద్దానికి మొహం ఇవ్వాలని, ఇవ్వనివాళ్ళకు శనివారం నుంచి డ్యూటీ లేదని చెప్పాడు. సరే ఇస్తాను, అక్క ఒక్కతే ఉన్నప్పుడు ఇస్తాను, ఆ కాసేపు గోడకు వెళ్ళే తీగ పీకేయండి అన్నాను. అద్దమూ గోడా ఒకటే తీగట, విడదీయడం కుదరదట, విడదీస్తే జనానికి అనుమానమట. మొహం దాచడం నాకు ఇష్టమై దాచుకుంటున్నాను గానీ, నా పనిని ఎప్పుడైనా దాచానా? ఈ మాట ఆయనతో అనలేదు. ఆయన వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

ఎంట్రీ 2. మంగళవారం

నలుగురు వెళ్ళారు, నలుగురు వచ్చారు. రబ్బరు ఇంకా మార్చలేదు.

బయటినుంచి వచ్చేవాళ్ళకు ఎదురు వెళ్ళడం మా ఊళ్ళో దుమ్ముకాలం నాటి ఆచారం. ఎవరూ ఒంటరిగా గడప దాటి లోపలికి రాకూడదు. ఒక మనిషి మాస్కు వేసుకుని మధ్యగదిలో నిలబడి, వచ్చినవాళ్ళ భుజాల మీద దుమ్ము తడిబట్టతో తుడవాలి. బయటి తలుపు మూసి, గదిలో గాలి తేటపడ్డాక, ఆ మనిషి మాస్కు తీసి అక్కడున్న రెండో అద్దానికి మొహం చూపితే లోపలి తలుపు తెరుచుకుంటుంది. ఓబుళమ్మక్కే రోజూ ఎదురు వెళ్తుంది. ఇవాళ లోపలికి వచ్చాక మాస్కును బల్ల మీదికి విసిరికొట్టి నా వైపు చూడకుండా కూర్చుంది.

శుక్రవారం సంగతి ఏం చేస్తావని అడిగింది. ఇవ్వనన్నాను. ఉద్యోగం పోతుంది కదా అంది. పోతే పోతుంది అన్నాను. నిజంగా పోతే అమ్మా నేనూ ఏం తింటామో నాకు తెలియదు. పైగా ఈ పని నాకిష్టం. తలుపు తెరుచుకుని మనుషులు ప్రాణాలతో లోపలికి రావడం రోజూ చూడటం చిన్న విషయమేమీ కాదు.

"నా ముందర తీస్తావు. నీళ్ళ గదిలో తీస్తావు. ఆ అద్దం ముందర తీసేకి ఏం పొయ్యేకాలం నీకు?" అంది.

అక్కకు నా మొహం బాగా తెలుసు. ఆడవాళ్ళ నీళ్ళ గదిలో ఒకరి తల ఒకరం రుద్దుకుంటాం. అద్దం ముందు తీస్తే ఊరంతటి ముందూ తీసినట్టేనని మళ్ళీ చెప్పాను. దుమ్ము ఉన్నన్నాళ్ళూ మొహం మూసుకోమని దుమ్మే చెప్పింది, ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు కనుక నేనే తేల్చుకున్నాను, అది నాకూ అల్లాకూ మధ్య మాట అన్నాను. అక్క బల్ల మీది మాస్కు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నా బిడ్డ మాస్కుతోనే పోయింది మే. ఆఖరికి దాని నోరు గూడా చూడలేకపోతి. నువ్వు పక్కన కూర్చుంటే దినామూ అదే కనపడతాది."

ఇన్నేళ్ళుగా పక్కన కూర్చుంటున్నాను, నాకు ఈ సంగతి తట్టనే లేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె లేచి మీటలు తుడవడం మొదలుపెట్టింది.

ఎంట్రీ 3. బుధవారం

నలుగురు, నలుగురు. రబ్బరు చీలిక బొటనవేలు దూరేంత అయింది. రికార్డులో చెబుతున్నాను, వినేవాళ్ళుంటే వినండి.

అమ్మ పీరమ్మకు శుక్రవారం సంగతి తెలిసిపోయింది. అమ్మ జీవితంలో నిఖాబు కట్టలేదు, నెత్తిన కొంగు తప్ప. నేను కట్టుకున్న మొదటి రోజునే పడీ పడీ నవ్వింది. ఇవాళ మాత్రం నవ్వలేదు. అన్నం వడ్డించి, నా ఎదురుగా కూర్చుని, నీకు మొగుడు లేడు, నాయన పోయె, నిన్ను ఎవురు బలవంతం చేస్తాండారని ఊరంతా నన్ను అడుగుతాండారే అంది. అవును, జనం అనుకునే ఆ మొగవాడు మా ఇంట్లో లేడు. ఉన్నదల్లా మా అమ్మ, ఆవిడేమో తీసెయ్యమంటోంది. అయినా ఎవడో నా వెనకాల కర్ర పట్టుకుని నిలబడ్డాడనే అనుకుంటారు. ఆడది తనంతట తాను ఒక మాట మీద నిలబడుతుందని ఎందుకో ఎవరికీ మింగుడుపడదు.

సాయంత్రం మసీదు పెద్ద ఖాదరయ్య కబురు పంపాడు. వెళితే, పొద్దున అందరి ముందూ నన్ను మెచ్చుకున్నానని చెప్పాడు. మాబున్నిని చూసి నేర్చుకోండి, ప్రాణం పోయినా తీయదు అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. నా ప్రాణం సంగతి ఆయనెవరు చెప్పడానికి? మీ ఆడపిల్లలకు మీరేం చెప్పుకున్నా నన్ను జెండాలా పట్టుకోవద్దండీ అని లేచి వచ్చేశాను. అటు శేషశయనం, ఇటు ఈయన. ఇద్దరికీ కావలసింది నా మొహమే. ఒకరికి తీసింది కావాలి, ఇంకొకరికి మూసింది కావాలి. మధ్యలో నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరికీ గుర్తులేదు.

ఎంట్రీ 4. గురువారం

ఊళ్ళో దుమ్ము కనిపించింది. కప్పు కింద, లోపల. బియ్యం కౌంటరు బల్ల మీద ఎర్రటి పొర, వేలితో గీస్తే గీత పడేంత.

అది మా బయటి తలుపు రబ్బరు లోంచే వస్తోందని నాకు తెలుసు. వారం మొదటి నుంచీ చెబుతున్నాను. కానీ సెంటర్లో వేరే కథ పుట్టింది. గాలితలుపు దగ్గర మొహం లేని మనిషి ఉంది, ఆమె ఏం తెరుస్తోందో ఏం మూస్తోందో ఎవరు చూశారు అని. కౌంటరు దగ్గర నేను వరుసలో నిలబడితే, నా ముందున్నామె పక్కకు జరిగింది. దారి ఇస్తోందనుకుని ముందుకు కదిలాను. ఇంకా జరిగింది. అప్పుడు అర్థమైంది. కప్పు రాకముందు ఈమె పక్కనే ఏళ్ళ తరబడి ఇదే వరుసలో నిలబడ్డాను, ఇద్దరి మొహాలకూ బట్టలే ఉండేవి, నవ్వుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం.

శేషశయనం దగ్గరికి వెళ్ళి రబ్బరు సంగతి నోటితో చెప్పాను. రికార్డు వినమన్నాను. కొత్త రబ్బరు వచ్చే వారం వస్తుందని, ముందు రేపటి పని చూడమని అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, జనం ఏమంటారోనని భయం, అంతే. ఒక్క క్షణం పనమ్మా, ఊరందరి నోళ్ళూ మూతపడతాయి అన్నాడు.

ఇంటికొచ్చి నిఖాబు విప్పి చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. తీసేస్తే పోలా అని అనిపించింది. నిజంగా అనిపించింది, అబద్ధం ఎందుకు? కానీ వాళ్ళు పక్కకు జరిగారని తీస్తే, రేపటి నుంచి నా మొహం మీద నాకు హక్కు ఉండదు. మళ్ళీ కట్టుకున్నాను. ఉద్యోగం పోయినా సరే, రేపు ఇవ్వను.

ఎంట్రీ 5. శుక్రవారం

వరుసగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పలకలు తుడిచేవాళ్ళు బయట ఉండగా గాలి లేచింది. మామూలు గాలి కాదు, బయటి కిటికీ మొత్తం ఎర్రగా అయిపోయింది. వాళ్ళు తలుపు కొట్టారు. ఓబుళమ్మక్క మా గదిలోని అద్దానికి మొహం చూపి, మాస్కు వేసుకుని, తడిబట్ట పట్టుకుని ఎదురు వెళ్ళింది. ఆమె వెనక లోపలి తలుపు మూశాను. బయటి తలుపు మీట నొక్కాను. పలకలు తుడిచే మద్దిలేటి, అతని వెనక మిగతా ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడుతూ మధ్యగదిలోకి వచ్చారు. బయటి తలుపు మూశాను.

మూశాను గానీ అది పూర్తిగా మూతపడలేదు. చీలిక దగ్గర రబ్బరు మొత్తం ఊడిపోయి, ఆ సందులోంచి దుమ్ము బుస్సుమని లోపలికి కొడుతోంది. గాలి తేటపరిచే ఫ్యాన్లు మొత్తుకుంటున్నాయి గానీ పీల్చిన దానికంటే వస్తున్నదే ఎక్కువ. గాజులోంచి చూస్తున్నాను. అక్క మాస్కు మధ్యగదిలో కాసేపు నిలబడటానికి పనికొచ్చే పల్చటిది. దగ్గుతోంది. లోపలి తలుపు తెరవాలంటే అక్కడి అద్దానికి మొహం చూపాలి. మాస్కు పీకేసి అద్దం ముందు నిలబడింది. మొహమంతా ఎర్రదుమ్ము. మొహం స్పష్టంగా కనబడటం లేదు, దయచేసి మళ్ళీ ప్రయత్నించండి అంది అద్దం. తడిబట్టతో తుడుచుకుంది, తుడుచుకునేలోపే మళ్ళీ పేరుకుంది. మళ్ళీ ప్రయత్నించండి అంది. అక్క మోకాళ్ళ మీద కూలిపోయింది. మద్దిలేటి ఆమె మీదికి వంగి అడ్డు నిలబడ్డాడు, అతనూ దగ్గుతున్నాడు.

ఇదివరకు చేత్తో తిప్పి తెరిచే చక్రం ఉండేది. అద్దం బిగించిన రోజే దాన్ని ఊడబెరికారు. ఆఫీసుకు ఫోన్ చేశాను. శేషశయనం వస్తున్నా వస్తున్నా అని పరుగెత్తుతూనే అరిచాడు. ఆఫీసు సెంటర్ అవతల ఉంది. ఆయన వచ్చేసరికి ఇక్కడ ఎవరూ మిగలరు.

గదిలో ఉన్నది నేనూ అద్దమూ. నేను ఆలోచించలేదు. పిన్ను లాగేశాను, బట్ట మెడ మీదికి తోశాను, అద్దం ముందు నిలబడ్డాను.

"కొత్త మొహం. పేరు చెప్పండి" అంది.

నూర్‌బాషా మాబున్ని అని అరిచాను.

"స్వాగతం, మాబున్ని గారూ. మీ చిత్రం గోడ మీద కనబడుతుంది. దయచేసి నవ్వండి."

తెరువు, నీ అమ్మ కడుపు కాల అని తిట్టాను. నా జన్మలో అంత గట్టిగా ఎవరినీ తిట్టలేదు. అది ఫోటో తీసుకుంది. తలుపు తెరుచుకుంది.

ఒక్కొక్కరినీ లాగాను. అక్క చాలా బరువు, మద్దిలేటి సాయం పట్టాడు. అందరూ వచ్చాక లోపలి తలుపు మూశాను. ఐదుగురూ బతికే ఉన్నారు. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళాక నిఖాబు మళ్ళీ కట్టుకోబోతే పిన్ను కనబడలేదు. నేల మీద ఎక్కడో పడి ఉంటుంది. మొహానికి బట్ట చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాను.

చేసిన పనికి నాకు పశ్చాత్తాపం లేదు. ప్రాణం పోయేచోట అల్లా లెక్క వేరే, అది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మళ్ళీ అలాంటి సమయం వస్తే మళ్ళీ తీస్తాను.

ఎంట్రీ 6. ఆదివారం

రబ్బరు నిన్ననే మార్చేశారు. వచ్చే వారం రావాల్సింది ఒక్క పూటలో వచ్చింది.

గోడ మీద నా మొహం అలాగే ఉంది. మామూలుగా ఇంకొకరు తలుపు తెరవగానే మారిపోవాలి. మారకుండా ఆపించారు. నోరు తెరిచి తిడుతున్న మొహం, చెదిరిన జుట్టు, మెడ మీద నలిగిన బట్ట. కింద "ఊరిని కాపాడిన మొహం" అని రాశారు.

నిన్న నిఖాబుతో బయటికి వెళ్ళాను. పూలదండతో ఎదురొచ్చిన వాళ్ళు నన్ను చూసి ఆగిపోయారు. దండ ఎవరి మెడలో వేయాలో తెలియనట్టు నిలబడ్డారు. బియ్యం కౌంటరు దగ్గర గురువారం పక్కకు జరిగినామె ఈసారి దగ్గరికి వచ్చి, అంత కళగల మొహం, ఇంకా ఏంటికమ్మా దాయడం, అందరమూ చూసినాం కదా అంది. ప్రేమగానే అంది. ఇల్లంటుకుంటే ఎవరింటి తలుపైనా తోసుకుని వెళ్తాం కదక్కా, మర్నాడు కూడా తోసుకుని వెళ్తామా అని అడిగాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. సాయంత్రానికల్లా మాబున్నికి పొగరని ఊరంతా పాకింది.

శేషశయనం ఇంటికొచ్చాడు. నా ఉద్యోగానికి ఇక ఢోకా లేదని, అద్దం నన్ను గుర్తుపడుతుంది కదా అని సంతోషంగా చెప్పాడు. గోడ మీద నుంచి ఆ బొమ్మ తీయించమన్నాను. అది ఊరి గర్వం, ఇక నీ ఒక్కదానిది కాదమ్మా అన్నాడు. అమ్మ ఆయనకు టీ ఇవ్వబోతూ గ్లాసు వెనక్కి తీసుకుంది. నా బిడ్డ మొహం నా బిడ్డది కాకపోతే ఎవురిది సామీ అని అడిగింది. నిఖాబు తీసెయ్యమని రోజూ పోరుపెట్టే మా అమ్మే.

ఆసుపత్రికి వెళ్ళాను. అక్కకు గొంతు పోయింది, గాలిగొట్టం పెట్టారు. నా నిఖాబు చూసి కళ్ళు మూసుకుంది. కాసేపు కూర్చుని వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

ఎంట్రీ 7. బుధవారం

ఇవాళ అక్కను ఇంటికి పంపారు. ఆమె ఇంటికి వెళ్ళకుండా నేరుగా డ్యూటీకి వచ్చింది. సెంటర్ మీదుగా నడిచి వచ్చింది, గోడ మీద నా మొహాన్ని మొదటిసారి అప్పుడే చూసింది. గదిలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. గోడ కింద ఇద్దరు మొగోళ్ళు నిలబడి, ముక్కు బాగుండాది, పై పన్ను కొంచెం ఎత్తు, అయినా పర్వాలేదు అని మాట్లాడుకుంటున్నారట. సంతలో ఎద్దును చూసినట్టు చూస్తాండారే అంది. గొంతు గరగరలాడుతూ ముక్కలు ముక్కలుగా వస్తోంది.

పలకలు తుడిచేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. శేషశయనం కూడా వచ్చాడు, అక్కను పలకరించడానికి. అద్దం వెలిగింది.

ఓబుళమ్మక్క అద్దం ముందుకు వెళ్ళింది. నిలబడి, భుజం మీది కొంగు తీసి, మొహానికి అడ్డంగా చుట్టి, చివర నడుము దగ్గర దోపుకుంది. కళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. మూసిన మొహం ఆమెకు ఎవరిని గుర్తుచేస్తుందో గదిలో నాకొక్కదానికే తెలుసు. అక్కా వద్దు అన్నాను. ఆమె వినలేదు.

మొహం స్పష్టంగా కనబడటం లేదు అంది అద్దం.

శేషశయనం తమాషా అనుకుని నవ్వాడు. మొహం చూపమ్మా, వాళ్ళు కాచుకోనుండారు అన్నాడు.

"ముందు గోడ మీద ఆ బొమ్మ దించు సామీ. తీగ పీకు. అప్పుడు చూపుతా."

"ఆయమ్మ మొహం దించితే నీకేమొస్తాది?"

"నన్ను బతికించేకి తీసింది సామీ అది. మీకు చూపేకి కాదు" అంది అక్క.

శేషశయనం నా వైపు తిరిగి, నీ మొహం అద్దంలో ఉంది కదా, నువ్వు తెరువు అన్నాడు. కుదరదన్నాను. మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళను పిలిపిస్తానని బెదిరించాడు. అప్పుడు మద్దిలేటి తన బ్రష్షు గోడకు ఆనించి నేల మీద చతికిలపడ్డాడు. ఎవరు తెరిచినా నేను బయటికి పోను సార్ అన్నాడు. మిగతా ముగ్గురూ అతని పక్కన కూర్చున్నారు. పలకల మీద దుమ్ము పేరుకుంటోంది. కాసేపటికి కరెంటు తగ్గి గదిలో దీపం మసకబారింది. సెంటర్లో ఫ్యాన్లు నెమ్మదించాయని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. శేషశయనం చెమట తుడుచుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. అక్క మాత్రం కదల్లేదు. కొంగు లోపల ఆమె ఊపిరి పైకీ కిందికీ ఎగరడం కనిపిస్తోంది. నాకు భయం వేసింది, ఆమె పడిపోతుందేమోనని.

చివరికి ఆయన అద్దం వెనక చెయ్యి పెట్టి ఒక తీగ లాగాడు. ఇన్నాళ్ళూ విడదీయడం కుదరదన్న తీగ ఒక్క లాగుడుకు ఊడి వచ్చింది. ఫోన్‌లో ఎవరినో అడిగి, గోడ ఖాళీ అయిందట అని చెప్పి, మా ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్క వెంటనే కొంగు లాగేసి, బల్ల పట్టుకుని, నోరంతా తెరిచి గాలి పీల్చుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎట్లుంటావే దీన్లో? నా వల్ల గాదు తల్లీ" అంది.

"నువ్వెందుకుండాలక్కా, ఉండొద్దు" అన్నాను. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

ఆమె కొంగు సర్దుకుని తన మొహం అద్దానికి చూపింది. నేను నిఖాబు బిగించుకుని మీట నొక్కాను. మద్దిలేటీ వాళ్ళూ బయటికి వెళ్ళారు.